పరీక్ష రాస్తామా, ఇస్తామా, తీసుకుంటామా? సరిహద్దు బడుల్లో ఇంగ్లిష్ చిన్న క్రియల చిక్కు

క్లుప్తంగా: హ్యావ్, టేక్, మేక్, గివ్, డూ లాంటి ఇంగ్లిష్ క్రియలు కొన్ని నామాల పక్కన చేరినప్పుడు తమ సొంత అర్థాన్ని దాదాపుగా వదిలేస్తాయి. అప్పుడు అర్థం మోసేది నామమే. ఈ పద్ధతి తెలుగులోనూ ఉంది, ఒడియాలోనూ ఉంది. ఏ నామానికి ఏ క్రియ జోడీ అన్నది మాత్రం భాష మారితే మారిపోతుంది. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు ఇంగ్లిష్‌లో ఎదురయ్యే చిక్కుల్లో ఒక పెద్ద ముడి ఇక్కడే ఉంది. దాన్ని విప్పే ఆధారమూ వాళ్ల రెండు భాషల్లోనే దొరుకుతుంది.

ఒడిశా దక్షిణపు అంచున ఒక తొమ్మిదో తరగతి గది. ఊరు పర్లాకిమిడి కావచ్చు, గుణుపురం కావచ్చు, బరంపురం కావచ్చు. ఒకే బల్ల మీద ఇద్దరు అమ్మాయిలు. ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మాయి నోటు పుస్తకంలో ‘ఐ రోట్ ద ఎగ్జామ్’ అని ఉంటుంది. పక్కనున్న ఒడియా అమ్మాయి పుస్తకంలో ‘ఐ గేవ్ ద ఎగ్జామ్’ అని ఉంటుంది. గైడులో ఇచ్చిన జవాబు ‘ఐ టుక్ ద ఎగ్జామ్’. రెండు వాక్యాల మీదా ఎర్ర సిరా గీత పడుతుంది. ఎందుకు పడిందో మార్జిన్‌లో రాసి ఉండదు.

కారణం ఇద్దరి ఇళ్లలోనూ ఉంది. తెలుగులో పరీక్ష రాస్తాం. ఒడియాలో పరీక్ష ‘ఇస్తారు’, పరీక్షా దేబా. మాస్టారి వైపు నుంచి చూస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది. తెలుగు మాస్టారు పరీక్ష పెడతారు. ఒడియా మాస్టారు పరీక్ష ‘తీసుకుంటారు’, పరీక్షా నేబా. ఇంగ్లిష్ దీనికి సరిగ్గా తలకిందులు: అక్కడ తీసుకునేది విద్యార్థి, ఇచ్చేది టీచరు. ఒడియా అలవాటుతో ‘ఐ గేవ్ ద ఎగ్జామ్’ అన్న అమ్మాయిని బయటి దేశపు మనిషి ఎవరైనా వింటే, ఆమె పంతులమ్మ కాబోలు అనుకుంటారు. మూడు భాషలూ ఒకే పని గురించి మాట్లాడుతున్నాయి. ఏ భాష క్రియ ఆ భాషదే.

అర్థం వదిలేసిన క్రియలు

‘టేక్’ అంటే తీసుకొను, ‘హ్యావ్’ అంటే కలిగి ఉండు, ‘గివ్’ అంటే ఇచ్చు. నిఘంటువు చెప్పే ఈ అర్థాలతో ‘టేక్ ఎ బాత్’ను విప్పబోతే ఏమీ దొరకదు. స్నానం చేసేవాళ్లు ఎవరి దగ్గరా ఏదీ తీసుకోరు. ‘హ్యావ్ ఎ లుక్’లో ఎవరి దగ్గరా ఏదీ ఉండదు. ‘గివ్ ఎ షౌట్’లో చేతులు మారేది ఏమీ లేదు. ఈ జంటల్లో పని ఏమిటో చెప్పేది బాత్, లుక్, షౌట్ అనే నామాలే. పక్కనున్న క్రియ కాలాన్నీ, కర్తనూ మోయడానికి ఉన్న కావడి మాత్రమే.

డెన్మార్క్‌కు చెందిన ఆంగ్ల వ్యాకరణవేత్త ఒట్టో జెస్పర్‌సన్ ఇలాంటి వాటిని తేలిక క్రియలుగా గుర్తించారు. ఆ మాట వచ్చిన ఆయన వ్యాకరణ సంపుటం 1942లో వెలువడింది. తరవాతి కాలంలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వాన జరిగిన కోబిల్డ్ నిఘంటువు పని, లక్షలాది అసలు వాక్యాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పరిశీలించింది. ఆ పనిలో తేలిన విషయం బోధనకు చాలా ముఖ్యమైంది: భాషలో అతి ఎక్కువగా వినిపించే క్రియలే తమ మొదటి అర్థంలో తక్కువగా కనిపిస్తాయి. పిల్లలకు మొదటి నెలలోనే నేర్పే ‘టేక్’ నిజానికి పుస్తకాల్లో, మాటల్లో ఎదురయ్యేది ఎక్కువగా టేక్ కేర్, టేక్ పార్ట్, టేక్ ప్లేస్ లాంటి జంటల్లోనే. కోబిల్డ్ వ్యాకరణాలు ఈ క్రియలకు డీలెక్సికల్ అనే పేరు వాడాయి. తమ అర్థం ఖాళీ అయిన క్రియలు అని భావం.

ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతేమీ కాదు. ఈత కొడతాం, అందులో కొట్టడం లేదు. దెబ్బ తింటాం, అందులో తినడం లేదు. గురక పెడతాం, అబద్ధం ఆడతాం, పందెం కాస్తాం, కునుకు తీస్తాం. జలుబు ‘చేస్తుంది’, చలి ‘వేస్తుంది’, నిద్ర ‘పడుతుంది’. స్నానం ఒక్కదానికే ఎన్ని తీర్లో చూడండి: చదువుకున్న మాటలో స్నానం చేస్తాం, సిక్కోలు పల్లెల మాటలో తానమాడతాం, ఇంకోచోట నీళ్లు పోసుకుంటాం. నామం ముందు చేరి క్రియతో కలిసి వేరే అర్థం ఇచ్చే జంటలను మన వ్యాకరణాలు శబ్దపల్లవాలు అన్నాయి. ‘మేలుకొను’ అందులో ఒకటి. దాన్ని మేలును కొనడం అని ఎవరూ అర్థం చేసుకోరు. తెలుగు పిల్లకు ఈ తెలివి అయిదో ఏటికే ఉంటుంది. బడిలో ఇంగ్లిష్ దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిని పక్కన పెట్టించి, క్రియకు విడిగా అర్థం రాయిస్తున్నారు.

‘కలిగియుండు’ తెచ్చిన తంటా

అన్నిటికంటే ఎక్కువ నష్టం హ్యావ్ దగ్గర జరుగుతోంది. తెలుగులో హ్యావ్‌కు సరిసాటి క్రియ లేదు. ‘నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు’, ‘నా దగ్గర పది రూపాయలున్నాయి’, ‘ఆవిడకు జ్వరంగా ఉంది’ అంటాం. ఉన్నది తమ్ముళ్లు, రూపాయలు, జ్వరం. మనిషి పక్కన ‘కు’ గానీ ‘దగ్గర’ గానీ చేరుతుంది. ఒడియాలోనూ అంతే. ‘మో పాఖరె’, అంటే నా దగ్గర, టంకా (డబ్బు) ఉంది అంటారు. అక్కడా హ్యావ్ లాంటి క్రియ లేదు.

ఈ ఖాళీని నింపడానికి తెలుగు గైడుల్లో ‘కలిగియుండు’ వచ్చి కూర్చుంది. ‘ఐ హ్యావ్ ఎ పెన్: నేను ఒక కలమును కలిగియున్నాను.’ ఈ వాక్యాన్ని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. గిడుగు రామమూర్తి పనిచేసిన ఊరు పర్లాకిమిడి. 1863లో పుట్టిన ఆ మనిషి, జనం నోట ఆడే తెలుగే బడిలోకి రావాలని జీవితంలో ఎక్కువ కాలం పోరాడింది ఇక్కడి నుంచే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ ఊళ్లోనే ఈనాటికీ ఒక పిల్ల ‘కలిగియున్నాను’ అని వల్లెవేసి ఇంగ్లిష్ నేర్చుకోవలసి రావడం బాధ కలిగించే విషయం.

బాధ సంగతి అలా ఉంచితే, ఆ అనువాదం వల్ల నేరుగా తప్పులు పుడుతున్నాయి. హ్యావ్‌కు రెండు బతుకులున్నాయి. ఒకటి ఉండటం చెప్పేది: హ్యావ్ టూ బ్రదర్స్, హ్యావ్ ఎ సైకిల్. రెండోది పని చెప్పేది: హ్యావ్ లంచ్, హ్యావ్ ఎ బాత్, హ్యావ్ ఎ రెస్ట్. మొదటిది స్థితి కాబట్టి దానికి మామూలుగా ‘హ్యావింగ్’ రూపం కుదరదు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అందుకే ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండోది పని కాబట్టి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ నిక్షేపంగా ఉంటుంది. ‘హ్యావింగ్ అనకూడదు’ అని ఒక టీచరు, ‘ఇక్కడ అనవచ్చు’ అని ఇంకో టీచరు చెబితే పిల్లలు తికమకపడటంలో వింతేముంది? తేడా హ్యావ్‌లో లేదు, పక్కనున్న నామంలో ఉంది. తమ్ముడు వస్తువులాగా ఉండేవాడు. లంచ్ జరిగేది.

ఇంకో పరీక్ష కూడా ఉంది. పాతకాలపు బ్రిటిష్ పద్ధతిలో ‘హ్యావ్ యు ఎ బాత్’ అని అడిగితే, మీ ఇంట్లో స్నానపు తొట్టి ఉందా అని అర్థం. స్నానం చేస్తారా అని అడగాలంటే ‘డు యు హ్యావ్ ఎ బాత్ ఎవ్రీ మార్నింగ్’ అనాల్సిందే. పని చెప్పే హ్యావ్ మామూలు క్రియల బాటలో నడుస్తుంది, డూ సాయం అడుగుతుంది. కలిగియుండు అనే ఒకే గుడ్డ రెండింటికీ కప్పితే ఈ తేడా కనబడదు.

ఒకటే ‘చేయు’, అక్కడ రెండు

తెలుగులో తప్పు చేస్తాం, పని చేస్తాం, వంట చేస్తాం, ప్రయత్నం చేస్తాం, కుర్చీ చేస్తాం. ఒడియాలో ‘కరిబా’ దాదాపు అంతే విస్తారంగా పనిచేస్తుంది: తప్పు చేయడం ‘భుల్ కరిబా’. ఇంగ్లిష్ ఈ ఒక్క పొలాన్ని రెండు కమతాలుగా పంచింది. ఒకటి డూ, ఒకటి మేక్. పని అయితే డూ: డూ హోంవర్క్, డూ ద డిషెస్. పని చివర ఏదో ఒకటి మిగిలితే మేక్: మేక్ ఎ చెయిర్, మేక్ ఎ నాయిస్, మేక్ ఎ మిస్టేక్, మేక్ ఎ ప్రామిస్. తప్పు కూడా ఇంగ్లిష్ దృష్టిలో చేసినవాడి వెనక మిగిలిపోయే వస్తువే. ఈ సూత్రం చాలాదూరం లాక్కొస్తుంది గానీ చివరిదాకా రాదు. ‘డూ ఎ డ్రాయింగ్’ ఉంది, బొమ్మ మిగులుతూనే ఉంది. ‘మేక్ ఎన్ ఎఫర్ట్’ ఉంది, ఏమీ మిగలదు.

తెలుగు, ఒడియా రెండూ తెలిసిన పిల్లకు ఇక్కడ రెండో భాష సాయం రాదు. రెండు భాషలూ ఒకే చోట ఒకే క్రియతో సరిపెట్టుకుంటాయి కాబట్టి ‘డూ ఎ మిస్టేక్’ రెట్టింపు బలంతో వస్తుంది.

నాకు వచ్చిందా, నేను తీశానా

హ్యావ్, టేక్ రెండూ కుదిరే నామాలు చాలా ఉన్నాయి: బాత్, షవర్, రెస్ట్, న్యాప్, లుక్, సీట్, బ్రేక్. ఇక్కడ తేడా ఎక్కువగా ప్రాంతానిది. బ్రిటిష్ వాడుక హ్యావ్ వైపు మొగ్గుతుంది, అమెరికన్ వాడుక టేక్ వైపు. పాఠ్యపుస్తకం బ్రిటిష్ పద్ధతిలో, ఫోన్‌లో చూసే వీడియోలు అమెరికన్ పద్ధతిలో ఉంటే పిల్లలకు రెండూ వినబడతాయి. ఏది రాసినా తప్పు కాదని ఒక్క మాట చెబితే చాలు.

రెండూ కుదరని చోటే అసలు కష్టం. టేక్ ఎక్కువగా మనిషి పూనుకుని చేసే పని దగ్గర చేరుతుంది: టేక్ ఎ రిస్క్, టేక్ ఎ స్టెప్, టేక్ ఎ ఫొటో, టేక్ నోట్స్. మనిషి అదుపులో లేకుండా వచ్చిపడే వాటికి హ్యావ్ చేరుతుంది: హ్యావ్ ఎ డ్రీమ్, హ్యావ్ ఎ ఫాల్, హ్యావ్ ఎ హెడేక్, హ్యావ్ ఎన్ యాక్సిడెంట్. ఈ గీత తెలుగులో ఇంకా స్పష్టంగా ఉంది. ‘నేను అడుగు వేశాను, ఫొటో తీశాను, రిస్క్ తీసుకున్నాను’ అన్నప్పుడు వాక్యంలో ‘నేను’ ఉంటుంది. ‘నాకు కలొచ్చింది, నాకు తలనొప్పి వచ్చింది, నాకు జలుబు చేసింది’ అన్నప్పుడు ‘నాకు’ ఉంటుంది. ఒడియాలో కూడా ‘మోతె జ్వర హెయిఛి’ అంటే నాకు జ్వరం వచ్చింది. ‘నాకు’తో మొదలయ్యే తెలుగు వాక్యం మనసులోకి వస్తే ఇంగ్లిష్‌లో హ్యావ్‌ను ముందు తట్టి చూడటం మంచి అలవాటు.

అలవాటే గానీ నియమం కాదు. ‘నాకు ఆకలి వేస్తోంది’, ‘నాకు చలి వేస్తోంది’, ‘నాకు నిద్ర వస్తోంది’ అనే చోట ఇంగ్లిష్ నామాన్నే వదిలేసి విశేషణం పట్టుకుంటుంది: ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ యామ్ స్లీపీ. జలుబుకు ‘హ్యావ్ ఎ కోల్డ్’, చలికి ‘యామ్ కోల్డ్’. ఒక్క ‘ఎ’ తేడాతో మందుల షాపుకు వెళ్లాలో దుప్పటి కప్పుకోవాలో మారిపోతుంది.

హ్యావ్ ఎ డ్రింక్ అనవచ్చు గదా, హ్యావ్ ఎన్ ఈట్ అని ఎందుకు అనకూడదు? ఈ ప్రశ్ననే పట్టుకుని అన్నా వియర్జ్‌బిట్స్కా అనే భాషాశాస్త్రవేత్త 1982లో ఒక వ్యాసం రాశారు. కాసేపు, పెద్ద లక్ష్యమేమీ లేకుండా, చేసినవాళ్ల మనసుకు హాయిగా జరిగిపోయే పనులకే ఈ హ్యావ్ ఎక్కువగా నప్పుతుందని ఆమె వాదన సారం. అందుకే హ్యావ్ ఎ వాక్, హ్యావ్ ఎ చాట్, హ్యావ్ ఎ స్విమ్ ఉన్నాయి. తినడానికి మాత్రం ‘హ్యావ్ ఎ బైట్’ అని తునక రూపంలో చెప్పాలి. తెలుగు చెవికి ఇది వెంటనే అందుతుంది. ‘ఓ గుక్క తాగు’, ‘ఓ ముద్ద తిను’ అంటాం. అలా కొలత పెట్టి చిన్నది చేసినప్పుడే ఆ ఆప్యాయత వస్తుంది.

నామంగా మార్చితే ఒనగూరేదేమిటి

‘వాక్’ అనే క్రియ ఉండగా ‘హ్యావ్ ఎ వాక్’ ఎందుకు? పనిని నామంగా మార్చితే దానికి హద్దు వస్తుంది, విశేషణం తగిలించే వీలూ వస్తుంది. ‘షి లాఫ్డ్’ అంటే నవ్వింది, అంతే. ‘షి గేవ్ ఎ షార్ట్, డ్రై లాఫ్’ అంటే ఆ నవ్వు ఒక్కసారి వచ్చింది, దానికి ఒక ఆకారం ఉంది. తెలుగు ఈ పనిని మరింత అందంగా చేస్తుంది: ‘ఒక వెర్రి నవ్వు నవ్వింది’, ‘ఓ చూపు చూశాడు’, ‘ఓ పట్టు పట్టాడు’. క్రియనే నామంగా చేసి, ముందు ‘ఒక’ పెట్టి, మళ్లీ అదే క్రియతో ముగిస్తాం. ఇంగ్లిష్ ‘ఎ’కూ ఈ ‘ఒక’కూ ఇక్కడ చుట్టరికం ఉంది. కుర్రకారు ‘ఓ లుక్కేయి’ అన్నప్పుడు ఇంగ్లిష్ నామం తెలుగు ‘వేయి’తో కాపురం చేస్తోంది. ‘హ్యావ్ ఎ లుక్’ను అంతకంటే బాగా తెలుగు చేయడం కష్టం.

ఆ ‘ఎ’ను మింగేయడం మన దగ్గర మామూలు. ‘టేక్ బాత్’, ‘టేక్ రెస్ట్’, ‘గివ్ కాల్’ అంటారు. తెలుగుకూ ఒడియాకూ ఆర్టికల్ లేదు కాబట్టి అది జారిపోతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది: ‘టేక్ కేర్’, ‘టేక్ పార్ట్’, ‘హ్యావ్ ఫన్’, ‘హ్యావ్ లంచ్’లలో అసలు ‘ఎ’ లేదు. లంచ్‌కు విశేషణం తగిలితే మళ్లీ వస్తుంది: ‘హ్యావ్ ఎ గుడ్ లంచ్’. క్రియతో పాటు ఆర్టికల్‌నూ కలిపి ఒకే ముక్కగా నోటికి ఎక్కించుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

మూడు భాషల మధ్య

మందు దగ్గర చూస్తే తేడా కళ్లకు కడుతుంది. తెలుగింట్లో ‘మాత్ర వేసుకున్నావా’ అని అడుగుతారు. ఒడియా ఇంట్లో మందు ‘తింటారు’, ఔషధ ఖాయిబా. ఇంగ్లిష్‌లో టేక్. ఫొటో తెలుగులో తీస్తారు, ఒడియాలో ‘లేపుతారు’, ఫటో ఉఠాయిబా. కలను తెలుగువాళ్లు కంటారు, ఒడియావాళ్లు చూస్తారు, స్వప్న దేఖిబా. ‘ఐ సా ఎ డ్రీమ్’ అనే వాక్యానికి ఊపిరి అక్కడిది. స్నానానికి ఒడియాలో ‘గాధోయిబా’ అని అచ్చంగా ఒకే క్రియ ఉంది, నామం అక్కరలేదు. తెలుగుకు జంట కావాలి, ఇంగ్లిష్ కూడా ఎక్కువగా జంటతోనే చెబుతుంది.

మహారాష్ట్ర అంచున గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగు కుటుంబాలకు రెండో భాష మరాఠీ. అక్కడ మందు, చాయ్, నిర్ణయం మూడింటికీ ‘ఘేణే’, అంటే తీసుకోవడం. ఆ పిల్లలకు ‘టేక్ మెడిసిన్’ సులువుగా నోటికొస్తుంది, ‘టేక్ టీ’ కూడా అంతే సులువుగా వచ్చేస్తుంది. పరీక్ష దగ్గర మాత్రం మరాఠీ కూడా ఒడియా లాగే ‘ఇవ్వడం’ అంటుంది.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్‌లలోని తెలుగు పిల్లలు బజారులో ఒక క్రియ, ఇంట్లో ఇంకో క్రియ తడుముకోకుండా మార్చుకుంటారు. మందుల షాపులో ‘ఖాయిబా’ అన్న నోరే ఇంటికొచ్చి ‘వేసుకో’ అంటుంది. నామం అదే, క్రియ మారుతుంది అన్న ఎరుక వాళ్లకు ఒంట్లో ఉంది. ఒకే భాష తెలిసిన పిల్లకంటే ఇంగ్లిష్ జంటలు పట్టుకోవడానికి వీళ్లకు ఎక్కువ అనుకూలత ఉండాలి. 2016 నుంచి ఒడిశా ప్రభుత్వం బ్లాకు స్థాయిలో తెరుస్తూ వచ్చిన ఆదర్శ విద్యాలయాలు ఇంగ్లిష్ మీడియానివి. తెలుగు ఇంటి నుంచి వాటిలో చేరే పిల్ల మూడు భాషల మధ్య రోజూ తిరుగుతుంది. ఆ మూడింటినీ ఒకే పేజీ మీద పక్కపక్కన పెట్టి చూపే పాఠం ఆమెకు అందాలి.

ఏది తప్పు, ఏది వాడుక

ఎర్ర సిరా గీసిన ప్రతిదీ తప్పు కాదు. ‘రైట్ ఎన్ ఎగ్జామ్’ కెనడాలో, దక్షిణాఫ్రికాలో నిత్యం వినిపించే మాట. పర్లాకిమిడి అమ్మాయి వాక్యం అక్కడ ఎవరికీ వింతగా ఉండదు. ‘టేక్ ఎ డెసిషన్’ బ్రిటిష్ వాడుకలో ఉంది, అమెరికాలో ‘మేక్’ అంటారు. ‘హ్యావ్ యు టేకెన్ యువర్ ఫుడ్’ అనే పలకరింపు వెనక ‘కాఫీ తీసుకోండి’ అనే మన మర్యాద ఉంది. భారతదేశంలో అది అందరికీ అర్థమవుతుంది, బయట ‘హ్యావ్ యు ఈటెన్’ అంటారు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. మన క్లాసులో అది ప్రశ్న, బయటివాళ్ల చెవికి అది అనుమానం.

‘డూ ఎ మిస్టేక్’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘సా ఎ డ్రీమ్’ లాంటివి మాత్రం పోటీ పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో మార్కులు పోగొట్టేవే. బ్యాంకు ఉద్యోగానికో, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షకో చదివే పిల్లలకు ఈ రెండు రకాలనూ విడదీసి చెప్పాలి. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘మీ ఇంగ్లిష్ తప్పు’ అంటే, సరైన వాక్యం రాసిన పిల్ల కూడా నోరు మూసుకుంటుంది.

నామం పేరిట పేజీ

కోచింగ్ పుస్తకాలు టేక్ కింద ముప్పై, హ్యావ్ కింద ముప్పై జంటలు వరసగా అచ్చువేస్తాయి. అలా చదివితే రెండు రోజులకే ఏది దేని కిందిదో కలగాపులగమవుతుంది. మాట్లాడేటప్పుడు మనసులోకి ముందు వచ్చేది నామం: పరీక్ష, మందు, కల, తప్పు. కాబట్టి పుస్తకంలో పేజీకి పేరు కూడా నామం పేరే కావాలి. దాని కింద మూడు గళ్లు, తెలుగు క్రియ, ఒడియా క్రియ, ఇంగ్లిష్ క్రియ. ఇంగ్లిష్ గడిలో ‘ఎ’ ఉంటే దానితో సహా రాయాలి. మొదటి రెండు గళ్లు ఆ పిల్ల ఎవరినీ అడగకుండా నింపేస్తుంది.

కల: వచ్చింది, కన్నాను. స్వప్న: దేఖిలి. డ్రీమ్: హ్యాడ్ ఎ.